ఆయ్ అన్నంతమాత్రాన

చిట్టెమ్మ అలా మాట్లాడదు.

రిపోర్టు పద్నాలుగో పేజీలో, లేతనీలం గడిలో, చిట్టెమ్మ పేరూ వయసూ ఊరూ వేసి, ఆమె అన్నట్టుగా అచ్చు వేసిన మాటలు ఇవి: "ఈ మార్పును మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. కొత్త స్థలంలో మా జీవనోపాధి మెరుగుపడుతుందని ఆశిస్తున్నాము."

పరమేశ్వరి ఆ గడిని మూడుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి పమిటచెంగుతో తుడుచుకుని నాలుగోసారి చదివింది. మొగపేట దిబ్బ మీద, ఎండలో, ఆరబోసిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తూ చిట్టెమ్మ తనతో పావుగంట మాట్లాడి ఇంకా పదిరోజులు కాలేదు. ఆ పావుగంటలో ఆమె నోట మనస్ఫూర్తి అన్న మాట రాలేదు. జీవనోపాధి అన్న మాటయితే ఆ దిబ్బ మీద పుట్టిన వాళ్ళెవరి నోటా వచ్చి ఉండదు. వాళ్ళు బతుకు అంటారు, లేదంటే చేప అంటారు. వాళ్ళకి రెండూ ఒకటే.

రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు అది. ఎవరైనా ఫ్యాక్టరీ పెట్టబోతున్నా, రోడ్డు వేయబోతున్నా, ఆ ఊళ్ళలో జనం ఏమనుకుంటున్నారో కనుక్కుని రిపోర్టు రాసిచ్చే సంస్థ. మెట్ల దగ్గర బోర్డు మీద 'రీసెర్చ్ అండ్ ఇంటెలిజెన్స్' అని ఉండటంతో, పెళ్ళి సంబంధాల గురించి వాకబు చేసిపెడతారా అని మెట్లెక్కి వచ్చిన వాళ్ళు కూడా లేకపోలేదు. అందులో ఫీల్డు ఇన్‌చార్జి కన్యకాపరమేశ్వరి. ఊళ్ళు తిరిగి, జనంతో మాట్లాడి, వాళ్ళ మాటలు రికార్డు చేసుకురావడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

యానాం దాటి సముద్రం వైపు పోతే మొగపేట వస్తుంది. అక్కడ ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునే ఇసుకదిబ్బ మీద ఒక రొయ్యల కంపెనీ కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకుంటోంది. దిబ్బకు బదులుగా ఊరికి నాలుగు కిలోమీటర్లు లోపల సిమెంటు కళ్ళమూ, రేకుల షెడ్డూ ఇస్తామంటోంది. దిబ్బ మీద పని చేసే అరవై నలుగురు ఆడవాళ్ళూ అందుకు ఒప్పుకుంటున్నారా లేదా అన్నది తేల్చాలి. సోమవారం ఊళ్ళోనే మీటింగు. రిపోర్టు చూసి రెవెన్యూ డివిజను ఆఫీసరు నిర్ణయం రాస్తారు.

రిపోర్టు మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో ఉంది. అరవై నలుగురిలో యాభై ఒక్కరు అంగీకరించారు. ఆఖరి పేజీలో పరమేశ్వరి సంతకానికి చోటు వదిలిపెట్టి ఉంది.

ఆమె కాగితాలు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది.

"ఉదయ్‌బాబూ, ఇది చిట్టెమ్మ మాట కాదండి."

ఉదయ్‌భాస్కర్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. ఆఫీసు పెట్టిన నాగేశ్వరప్రసాద్‌గారి అబ్బాయి. తండ్రికి మోకాళ్ళు పట్టేసి ఇంటి దగ్గరే ఉండిపోయాక రెండేళ్ళుగా తనే చూసుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు. ఆమెకు బస్సు ఆలస్యమైతే తన బండి మీద బస్ కాంప్లెక్సు దాకా దింపి వచ్చే మనిషి.

"కూర్చోండి పరమేశ్వరిగారూ. మాట కాదండి అది, భావం. టూలు కొంచెం పాలిష్ చేసింది, అంతే."

"పాలిష్ కాదు బాబూ. ఆవిడ ఒప్పుకోలేదు."

"రికార్డింగులో ఒప్పుకుందిగా?"

"రికార్డు చేసింది నేనండి."

అతను నవ్వి కుర్చీ పక్కకు జరిపాడు. మునుపు ఇలాంటి రిపోర్టుకు ఆరుగురు మనుషులు రెండు నెలలు కూర్చునేవాళ్ళు. రికార్డింగులు విని రాసేవాళ్ళు ఇద్దరు, ఫీల్డులో జవాబులకు వేసిన అంకెలు సరిచూసేవాళ్ళు ఇద్దరు, ఇంగ్లీషులోకి మార్చేది ఒకరు, లెక్కలు కట్టేది ఒకరు. ఇప్పుడు ఆ ఆరు కుర్చీల్లో ఒక్కటే మిగిలింది. రికార్డింగులన్నీ ఈ ఏఐ టూలుకు ఇస్తే అదే విని, అదే రాసి, అదే అంకెలు వేసి, పొద్దున్నకల్లా యాభై పేజీలు చేతిలో పెడుతోంది.

"మీ ఎదురుగానే అడుగుతాను చూడండి," అంటూ అతను చకచకా టైపు చేశాడు. చిట్టెమ్మ నిజంగా అంగీకరించారా?

తెర మీద అక్షరాలు పరిగెత్తాయి. అవును. ఇంటర్వ్యూలో చిట్టెమ్మగారు పదకొండుసార్లు అవును అని సమాధానం ఇచ్చారు.

"నన్నొకసారి అడగనివ్వండి," అని పరమేశ్వరి ముందుకు వంగింది. రెండు వేళ్ళతో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. చిట్టెమ్మ ఒప్పుకోలేదు. మళ్ళీ చూడు.

మీరు చెప్పింది నిజమే, క్షమించండి. మళ్ళీ పరిశీలించగా చిట్టెమ్మగారు అభ్యంతరం తెలిపినట్టు అర్థమవుతోంది. ఇదే పద్ధతిలో మిగతా సమాధానాలనూ సవరించాను. అంగీకరించినవారు ముప్పై ఎనిమిది మంది.

పరమేశ్వరి రిపోర్టు మొదటి పేజీ తిప్పి చూసింది. నిమిషం కిందట యాభై ఒకటి.

ఉదయ్ నుదురు చిట్లించి మళ్ళీ కొట్టాడు. ఆ అభ్యంతరాలు షరతులతో కూడిన అంగీకారమే కదా?

చక్కగా గమనించారు. అలా చూస్తే అంగీకరించినవారు నలభై ఆరుగురు.

"ఇదెవరి పక్షం బాబూ?"

"ఎవరు అడిగితే వాళ్ళ పక్షం," అని అతను నవ్వేశాడు. ఆమె నవ్వకపోవడం చూసి గొంతు సర్దుకున్నాడు. "మీ బాధ అర్థమైందండి. రికార్డింగులు మీ దగ్గరున్నాయిగా. శుక్రవారం సాయంత్రంలోగా పెద్ద తప్పులేమైనా ఉంటే చెప్పండి, దిద్దేద్దాం. మాట ఇలా లేదు, అలా లేదు అని మాత్రం వద్దు. క్లయింటుకు అంకె ముఖ్యం."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రూళ్ళ పుస్తకంలో ఒకటి నుంచి అరవై నాలుగు వరకూ అంకెలు వేసుకుంది. మొదటి రికార్డింగు నొక్కింది.

గాలి హోరు. కాకులు. ఎక్కడో ఇంజను పడవ చప్పుడు. ఆ తర్వాత తన గొంతే, ఇలా వింటే తనకే పరాయిగా.

"అక్కడ షెడ్డు ఉంటుందమ్మా, వానొచ్చినా చేప తడవదు."

"ఆయ్."

"సిమెంటు కళ్ళం వేస్తారు, ఇసుక అంటుకోదు."

"ఆయ్."

"మరి అక్కడికి వెళ్ళడం మీకు ఇష్టమేనా?"

చాలాసేపు కాకులే అరిచాయి. అప్పుడు ఆ మనిషి గొంతు, మెల్లగా: "మా ఇష్టం ఎవరిక్కావాలండి. మీ ఇష్టమండి."

పరమేశ్వరి రికార్డింగు ఆపి, టూలు రాసిన కాగితం తిప్పి చూసింది. అవును. అవును. మీ ఇష్టప్రకారమే చేస్తాము.

గోదావరి జిల్లాలో పుట్టిన ఏ పసివాడినడిగినా చెబుతాడు ఆయ్ అంటే ఏమిటో. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వింటున్నామండీ అని, కానివ్వండీ అని, మీరు పెద్దవారండీ అని. మధ్యలో ఆ మాట అనకపోతే పొగరనుకుంటారు. నీ ఇల్లు కూలగొడతానని చెప్పినా, చెప్పడం అయ్యేదాకా ఆయ్ అంటూనే ఉంటారు. కాదనడం ఆ తర్వాత సంగతి. ఆ తర్వాత దాకా ఉండి వినే ఓపిక అడిగేవాళ్ళకు ఉండాలి. రామచంద్రపురంలో తండ్రి బట్టలకొట్టు గుమ్మంలో పెరిగింది పరమేశ్వరి. మళ్ళీ వస్తామండీ అని వెళ్ళిన బేరం మళ్ళీ రాదని ఆమెకు పదేళ్ళప్పుడే తెలుసు. ఎంత కోకలు విప్పించినా, ఎంత మెచ్చుకున్నా, ఆ ఒక్క మాటతో తండ్రి మారు మాట్లాడకుండా బట్టలు మడతపెట్టేసేవాడు.

బుధవారమంతా విన్నది. గురువారం టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా విన్నది. చెవులు కమిలిపోయి హెడ్‌ఫోన్లు కాసేపు ఈ చెవికీ కాసేపు ఆ చెవికీ ఆనించుకుని విన్నది. ఒక్కో మనిషి ఎదుట, మనిషి అన్న మాట అన్నట్టే రాసుకుంది. నిజంగా ఒప్పుకున్నవాళ్ళు లేకపోలేదు. బేబీ అనే ఆవిడ, ఎండలో నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతున్నాయని, "షెడ్డు ఇప్పిస్తే ఇవాళే పోతానండి, ఏ దిబ్బయితే ఏంటండి" అంది. ఆ మాట విన్నాక ఇక అనుమానం ఏముంటుంది? అలాంటివాళ్ళు నలుగురు. ముఖం మీదే వద్దన్నవాళ్ళు ఏడుగురు. మిగతా యాభై ముగ్గురూ విన్నారు. ఆయ్ అన్నారు. మీ ఇష్టమన్నారు. చూద్దాంలెండి అన్నారు. మా ఆయన్నడగాలండి అన్నారు.

ఏడుగురు కాదన్న మాటను కూడా టూలు 'కొన్ని సందేహాలు వ్యక్తం చేశారు' అని మెత్తగా రాసింది. ఆ వాక్యం దగ్గర పరమేశ్వరికి కళ్ళు మండాయి. ఒక మనిషి అరిచి చెప్పినదాన్ని కూడా అరుపు లేకుండా చేసిపెట్టింది. దాంతో పోట్లాడదామన్నా లాభం లేదు. గట్టిగా అంటే క్షమించమంటుంది. అవతలివాడు అంటే వాడికీ క్షమాపణ చెబుతుంది.

ఆ యాభై ముగ్గురి చేతా ఉన్నమాట సూటిగా అనిపించి, కాగితం మీద సంతకాలు తీసుకువస్తే సరిపోతుందనుకుంది.

శుక్రవారం తెల్లవారగానే బస్సెక్కింది. రామచంద్రపురం మీదుగా యానాం చేరి, అక్కడ షేరాటో పట్టుకుంది. ఆటోలో ఎదుటి సీటు మనుషుల సంచుల్లో యానాం మందుసీసాలు గలగలమంటుంటే వాళ్ళు మోకాళ్ళతో అదిమి పట్టుకుని కూర్చున్నారు. మొగపేట చేరేసరికి తొమ్మిదయింది. ఎండ అప్పటికే దిబ్బ మీదికి వచ్చేసింది.

చిట్టెమ్మ పాత వల పరిచి నెత్తళ్ళు ఆరబోసి ఉంది. అరవై దాటిన మనిషి, నడుము దగ్గర చీర బిగించి, తలకు తువ్వాలు చుట్టుకుంది. వల అంచు రెండు చేతులా పట్టుకుని ఒక్క విదుపు విదిపితే సగం చేప తిరగబడింది. మిగతా సగాన్ని వంగి వేళ్ళతో తిప్పుతోంది.

"మళ్ళీ వచ్చారేంటండి అమ్మగారూ? ఎండగా ఉంది, ఇటు రండి."

పరమేశ్వరి చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటూ సంగతంతా చెప్పింది. మిషను ఎలా విన్నదో, ఎలా రాసిందో, చిట్టెమ్మ పేరున ఏ మాటలు అచ్చు వేసిందో. మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము అన్న దగ్గర పక్క వల మీద పని చేస్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చిట్టెమ్మ మాత్రం చేప తిప్పుతూనే ప్రతి వాక్యానికీ ఆయ్ అంది.

"అలా ఆయ్ అనకండి చిట్టెమ్మగారూ! అదే కదా గొడవంతా!"

"మరేమనమంటారండి?"

"వద్దంటే వద్దనండి. గట్టిగా అనండి. ఇదిగో, ఈ కాగితం మీద వేలిముద్ర వేయండి. అందరిచేతా వేయించండి."

"వద్దంటే మానేత్తారాండి?"

పరమేశ్వరి చాచిన కాగితం మెల్లగా దించింది.

"వద్దని పేరెట్టి రాశామనుకోండి," చిట్టెమ్మ నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది, "రేపు మా పడవలకి ఐసు ఇవ్వాల్సింది ఆ కంపెనీయే. చేప కొనుక్కునేదీ వోళ్ళ మనిషే. వోళ్ళు ఆ కాయితం చూడరంటారా? పోనీ ఒప్పుకున్నామని రాశామనుకోండి, దిబ్బ పోద్ది. అందుకని ఆయ్ అంటామండి. వినేవోళ్ళకి తెలిసిపోద్ది."

"మిషనుకి తెలీదమ్మా. నాకు తెలుసు కాబట్టే వచ్చాను."

చిట్టెమ్మ వంగినదల్లా నిటారుగా లేచి, అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది.

"ముందు కూడా మీరే కదండీ వచ్చారు?"

"ఎప్పుడు?"

"మా రేవు దగ్గరికండి. గోదారొడ్డున మా పడవలు కట్టుకునేవోళ్ళం చూడండి, అక్కడ జెట్టీ కడతామని వేరే కంపెనీవోళ్ళు వచ్చినప్పుడు. ఏడేళ్ళయింది. నల్ల గొడుగేసుకొచ్చారు మీరు. మా అత్త అప్పాయమ్మ మీకు మంచినీళ్ళిచ్చింది. ఇలాగే అడిగారు, ఆయ్ అన్నాం. రాసుకెళ్ళారు. ఆర్నెల్లు తిరక్కుండా ముళ్ళకంచె వేసేశారండి."

పరమేశ్వరికి గొడుగు గుర్తొచ్చింది. ఒడ్డు గుర్తొచ్చింది. అప్పాయమ్మ గుర్తు రాలేదు.

"అది... అప్పుడు లెక్కలు ఎవరెవరో కట్టేవారు చిట్టెమ్మగారూ. ఇప్పుడు ఈ మిషను వచ్చాక ఇలా తప్పు..."

"మిషను సంగతి సరేనండి. అప్పుడు మిషను లేదు గదండి."

కోపంగా అనలేదు. అని, మళ్ళీ వంగి, చేపల మధ్య ఇరుక్కున్న చిన్న పీతను ఏరి అవతలికి విసిరింది. కాకి ఒకటి దాని మీద వాలింది.

ఎవరూ వేలిముద్ర వేయలేదు. టీ మాత్రం ఇచ్చారు.

మధ్యాహ్నం మూడింటికి ఆఫీసుకు చేరి, పరమేశ్వరి ముఖమైనా కడుక్కోకుండా ఇనపబీరువా తెరిచింది. కింది అరలో, చెదలమందు వాసనలో, ఏడేళ్ళ నాటి ఫైలు దొరికింది. తన దస్తూరీయే. గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా, ఎవరైనా ముచ్చటపడేలా. డెబ్భై ఒక్క పేర్లు. ప్రతి పేరుకూ ఎదుట జవాబు, జవాబుకు ఎదుట అంకె. ఒప్పుకుంటే ఒకటి, కాదంటే రెండు, ఏమీ తేల్చకపోతే మూడు.

ఇరవై ఆరో వరసలో అప్పాయమ్మ. జవాబు గడిలో: ఆయ్ అన్నారు. అంకె గడిలో: ఒకటి.

పైనా కిందా వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఆయ్ అన్నారు, ఒకటి. మీ ఇష్టమన్నారు, ఒకటి. చూద్దామన్నారు, ఒకటి. మొత్తం యాభై ఎనిమిది ఒకట్లు.

ఆ రోజుల్లో ఆయ్ అంటే తెలియక కాదు. మూడో నంబరు పదిశాతం దాటితే మళ్ళీ ఫీల్డుకు పోవాలన్నది ఆఫీసు రూలు. మళ్ళీ బస్సు, మళ్ళీ ఆటో, మళ్ళీ అదే ఎండలో అవే గడపలు. అందుకని ఒకటి వేసింది. ఎవరూ వేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. వేస్తున్నప్పుడు చెయ్యి ఆగినట్టు కూడా ఆమెకు గుర్తులేదు.

ఉదయ్ లోపలి గదిలోంచి వచ్చి కాఫీ గ్లాసు ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఏవండీ, దొరికాయా తప్పులు?"

"బాబూ, ఏ జవాబుకి ఏ అంకె వేయాలో టూలుకి ఎవరు నేర్పారు?"

"నేర్పడమేంటండి, మీ షీట్లే," అన్నాడతను హుషారుగా. "పదకొండేళ్ళవి స్కాన్ చేసి ఇచ్చాం, శాంపిల్‌గా. ఈ పనిలో పరమేశ్వరిగారి చెయ్యి తిరుగులేనిదిరా, ఆవిడవే ఇవ్వు అన్నారు నాన్నగారు." ఆమె ముందున్న ఫైలు మీదికి వంగి చూశాడు. ఒక వరస చదివాడు. ఇంకో వరస చదివాడు. అతని గొంతు మారింది. "అంటే... టూలు తప్పేం చేయలేదండి. మీరు చేసినట్టే చేసింది."

మూడు రోజులుగా టూలు మీద ఉడుకుతున్న కోపం ఇక ఎటు తిప్పాలో పరమేశ్వరికి తెలియలేదు. కాఫీ మీద తొరక కట్టింది. పుచ్చుకోవాలనిపించలేదు.

కాసేపటికి తెల్లకాగితాలు తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ముందు ఇప్పటి అరవై నలుగురూ, ఒక్కొక్కరి మాట, అన్నది అన్నట్టు. దాని కింద, ఏడేళ్ళ కిందట ఇదే ఊళ్ళో రేవు గురించి తాను ఇచ్చిన లెక్కలో యాభై ఎనిమిది అంకెలు నమ్మదగినవి కావని, వాటిని వేసింది తానేనని.

ఉదయ్ నిలబడే చదివాడు. 

"ఇప్పటిదానికి ఏదో ఒకటి చేద్దాం. యాభై ఒకటి తీసేసి నలభై వేద్దాం, టూలు చేత సందేహాలు అని ఒక చాప్టరు రాయిద్దాం. పాతది ఎందుకండీ తవ్వడం? మనవి అరవై రిపోర్టులు బయట ఉన్నాయి. ఒకటి కదిలిస్తే అన్నీ కదులుతాయి."

"తెలుసు బాబూ. వాటిలో సగం నావే."

"సోమవారం నేనిది చదవను."

"మీరు చదవక్కర్లేదు. నన్ను చదవనివ్వండి. ఆ రిపోర్టు మీద మాత్రం సంతకం పెట్టలేను."

అతను ఫోను తీసి తండ్రికి కలిపి, రెండు మాటల్లో చెప్పి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతలి నుంచి నాగేశ్వరప్రసాద్‌గారి ఊపిరి వినిపించింది. 

"అమ్మా పరమేశ్వరీ, ఆ మూడో నంబరు పదిశాతం దాటకూడదన్న రూలు నేను పెట్టిందే కదూ?"

"అవునండి."

"ఊఁ." మళ్ళీ ఊపిరి. "సరేనమ్మా. నీ ఇష్టం."

ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు బాగానే తెలుసు. అయినా కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

సోమవారం మీటింగు తుఫాను షెల్టరులో పెట్టారు. వరసగా కుర్చీలు వేసినా ఆడవాళ్ళు వాటిలో కూర్చోకుండా గోడవారన నేల మీదే కూర్చున్నారు. మగవాళ్ళు గుమ్మం బయట నిలబడ్డారు. డివిజను నుంచి వచ్చిన ఆఫీసరు నడివయసు ఆవిడ. ఉక్కకు మెడ తుడుచుకుంటూ, వింటున్నదేదీ ముఖంలో కనిపించనివ్వకుండా కూర్చుంది. కంపెనీ తరఫున వచ్చిన ఆయన తెల్లచొక్కా వేసుకుని ఆవిడ పక్క కుర్చీలో ఉన్నాడు.

ఉదయ్ గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఆకుపచ్చ ముక్క, ఎర్రముక్క. అతను చెబుతుంటే గోడవారన ఆడవాళ్ళు మెల్లగా ఆయ్ అంటున్నారు. ఆఫీసరు ఆ వైపు చూసి తల ఊపింది.

అతను పూర్తిచేయగానే పరమేశ్వరి లేచింది.  ఇన్నేళ్ళలో ఆమె అడగడమే గాని ఎప్పుడూ నిలబడి చెప్పింది లేదు.

"అమ్మా, ఈ లెక్క మీద ఫీల్డు ఇన్‌చార్జిగా నేను సంతకం పెట్టలేదండి. వీళ్ళ మాటలు నా దగ్గరున్నాయి. చదవమంటారా?"

కంపెనీ ఆయన వాచీ చూసుకున్నాడు. ఆఫీసరు చెయ్యి ఊపింది, కానివ్వమన్నట్టు.

పేర్లు చదవలేదు. ఐసూ, చేపకొనే మనిషీ గుర్తొచ్చి అప్పటికప్పుడు పేర్లు వదిలేసింది. ఒకటో మనిషి, రెండో మనిషి అంటూ మాటలు మాత్రమే చదివింది. "మా ఇష్టం ఎవరిక్కావాలండి. మీ ఇష్టమండి." "నాలుగు కిలోమీటర్లు తడిచేప నెత్తినెట్టుకుని నడిస్తే అక్కడికెళ్ళేసరికి కుళ్ళిపోద్దండి, ఆ తర్వాత మీ షెడ్డెందుకండి." "చూద్దాంలెండి." "సిమెంటు మీద ఆరబెడితే అడుగున ఉడికిపోద్దండి, ఇసకయితే పీల్చుద్ది." "షెడ్డు ఇప్పిస్తే ఇవాళే పోతానండి." మొదట్లో ఆడవాళ్ళు ఎవరి మాట ఎవరిదో పోల్చుకుని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వారు. ఇరవైదాకా వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళ మాట వాళ్ళ ఎదుట మరొకరు మార్చకుండా చదవడం వాళ్ళు ఇంతకుముందు విని ఉండరు. గుమ్మం బయట మగవాళ్ళు లోపలికి జరిగారు.

అరవై నాలుగూ అయ్యాక, రెండో కాగితం తీసింది. రేవు సంగతి చదువుతున్నప్పుడు తల ఎత్తలేదు. అంకెలు వేసింది నేనేనండి అన్నచోట ఆగి, ఆ వాక్యాన్నే మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇంతకీ ఎంతమంది ఒప్పుకున్నట్టు?" అని అడిగింది ఆఫీసరు.

"నలుగురండి. ఏడుగురు కాదన్నారు. మిగతావాళ్ళు నేను చెప్పింది విన్నారండి, అంతే."

"మేడం, ఇదంతా ఆవిడ సొంత అభిప్రాయం," అన్నాడు కంపెనీ ఆయన. "రిపోర్టులో స్పష్టంగా..."

"మాదీ ఈ పక్క ముమ్మిడివరమేనండి," అంది ఆఫీసరు ఆయన వైపు తిరక్కుండానే. "ఇందాక వీళ్ళు ఆయ్ అంటుంటే నేనూ తలూపాను." రిపోర్టు మూసి ఉదయ్ వైపు తోసింది. "ఇది తీసుకోను. వచ్చే నెల దిబ్బ మీదే కూర్చుని నేనే అడుగుతాను. కంపెనీవాళ్ళెవరూ అక్కడ ఉండకూడదు. రేవు సంగతి అర్జీ రాసివ్వండి, పైకి పంపుతాను. పంపడం వరకే నా చేతిలో ఉంది."

దాంతో మీటింగు అయిపోయింది. దిబ్బ నిలిచినట్టూ కాదు, పోయినట్టూ కాదు. ఒక నెల మిగిలింది.

ఉదయ్ వైర్లు చుట్టుకుని కారు దగ్గరికి నడిచాడు. వెనక సీటు ఖాళీగానే ఉంది. ఒకసారి షెల్టరు వైపు చూసి తలుపు వేసుకున్నాడు. కారు మలుపు తిరిగేదాకా పరమేశ్వరి మెట్ల మీద నిలబడి చూసింది. రేపు పొద్దున్న ఏ బస్సెక్కాలో, అసలు ఎక్కాలో లేదో ఆమెకు తెలియలేదు.

చిట్టెమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. వెనకే మరో పదిమంది చేరారు.

"అర్జీ అన్నారు కదండీ ఆవిడ. మీ దస్తూరీ బావుంటదంట. రాసిపెట్టండి."

పరమేశ్వరి సంచి ఒళ్ళో పెట్టుకుని, దానిమీద కాగితం సర్దుకుంది. అలవాటైన చెయ్యి తనంతట తానే మొదటి వాక్యం రాసేసింది.

"ఏం రాశారో చదవండి."

"ఏడేళ్ళ కిందట మా రేవు పోయింది."

"పోవడమేంటండి?" చిట్టెమ్మ కాగితం మీద వేలు ఆనించింది, అక్షరాలు రాకపోయినా సరిగ్గా ఆ చోటనే. "కాళ్ళున్నాయా దానికి? తీసుకున్నారు. తీసుకున్నారని రాయండి."

పరమేశ్వరి ఆ మాట కొట్టేసి పైన రాసింది. "ఎవరు తీసుకున్నారని రాయమంటారు?"

చిట్టెమ్మ ఆమె ముఖంలోకి చూసింది, వెనక ఆడవాళ్ళ వైపు చూసింది.

"జెట్టీ కంపెనీ పేరు రాయండి. వోళ్ళకి మాట రాసిచ్చిందెవరో, అది కూడా రాయండి. మేం వేలిముద్ర ఏత్తాం."

పరమేశ్వరి కంపెనీ పేరు రాసింది. దాని కింద ఇంటిపేరుతో సహా తన పేరు రాసి, మొదటి నుంచి చదివి వినిపించింది.